నూగు పోయే దారి

బళ్ళారిలో మూతపడిన లాడ్జి నుంచి
లారీ మీద వచ్చింది బట్టలారబెట్టే మిషను.
నలుగురు మోసి దించినారు.
దాని కడుపులో ఇంకా ఎవరి చొక్కాదో ఒక గుండీ
గలగలమంటా ఉండింది.

ఆదోనిలో ఎండకేం కరువమ్మా అని వీధంతా నవ్వింది.
ఎండకు కరువు లేదు. దుమ్ముకూ లేదు.
నర్సింగ్ హోము దుప్పట్లు నలభై
పొద్దు గూకేలోపల మడత పెట్టి ఇయ్యాలంటే
తీగ మీది గాలి నా మాట వింటుందా?

మిషను వీపున ఒక నోరు.
ఆ నోటికి గొట్టం కావాల.
గోడ దాటించాల వేడిని, తేమని, నూగుని.

హార్డువేరు అంగట్లో పిల్లోడు
తెల్ల ప్లాస్టిక్ గొట్టం సాగదీసి చూపించె,
పాము కుబుసం మాదిరి.
"ఎట్ల తిప్పితే అట్ల తిరుగుతాది అక్కా."
ఇంకొకటి వెండి కాగితంది.
బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది,
పడిన సొట్ట మళ్ళా లేయలేదు.
అయినా అదే కొన్నా. మెరుస్తోంది కదా అని.

మౌలాలన్న దాన్ని చూసి ఏమీ అనలేదు.
గరాటులూ డబ్బాలూ చేసి బతికే మనిషి.
చెయ్యి లోపలికి పెట్టి మెల్లగా తడిమినాడు.
"మడతమడతకూ అరుగు కట్టినట్టుందే,
నూగొచ్చి కూచోనీకె."

వాళ్ళ తాత విల్లు భుజానేసుకోని
ఊరూరా తిరిగి దూది ఏకినోడు.
ఈయన జిన్నింగు మిల్లులో పదకొండేండ్లు.
కుడిచేతికి మోచేతి దాకా చర్మం
చల్లారిన పాల మీది మీగడ మాదిరి ముడతలు.
ఎట్లయిందని ఊరు అడగడం మానేసి శానా కాలమైంది.
నేనూ అడగలేదు.

మిషను జల్లెడలో నుంచి చారెడు నూగు తీసి
గడప బయట బండ మీద పెట్టి
అగ్గిపుల్ల గీసినాడు.

నేను రెప్ప వాల్చి ఎత్తేలోపల లేదది.
పొగ కూడా సరిగా రాలేదు.
బండ మీద నల్లటి మరక, రూపాయి బిళ్ళంత.

"చొక్కా అయినా దుప్పటి అయినా
దూది దూదేమ్మా.
ప్లాస్టిక్ గొట్టమైతే దాంతో పాటు తానూ కాలుతాది.
రేకైతే ఓర్చుకుంటాది."

తెల్లారి జింకు రేకు తెచ్చినాడు.
మిషను నోటిని దారంతో కొలిచి
ఇనుప కడ్డీ మీద గుండ్రంగా వంచి
లోపల అరచెయ్యి జారేంత నున్నగా చేసినాడు.
ఒక గొట్టం కొస ఇంకో గొట్టంలోకి,
గాలి పోయే దిక్కుకే.
ఎదురు పెడితే అంచుకు తట్టుకోని ఆగుతుందంట.
నేను డబ్బా నిండా స్క్రూలు తెచ్చిపెడితే
డబ్బాతోనే తిరిగిచ్చినాడు.
"లోపలికి పొడుచుకున్న మొన నూగుకు కొక్కెం."
అతుకుల మీద అల్యూమినియం టేపు,
దాని మీద పట్టీ, అంతే.

గొట్టాన్ని దొడ్డి చుట్టూ తిప్పి
పక్కింటి సుంకులమ్మకు కనపడకుండా పెడదామంటి.
మూడు వంపులు, ముప్పై అడుగులు.
ఆయన మాట్లాడకుండా సుత్తి తీసుకోని
మిషను ఎనకాలే గోడకు బొక్క కొట్టినాడు.
నాలుగడుగులు. వంపే లేదు.

ఎలుకలు దూరవా, జాలీ పెట్టన్నా అంటే
నూనెడబ్బా మూత కత్తిరించి తలుపు చేసినాడు.
గాలి తోస్తే లేస్తాది, గాలి నిలిస్తే మూసుకుంటాది.
"జాలీ పెడితివా, రెండు నెలలకు దుప్పటి కప్పినట్టే."

సుంకులమ్మ మూడు దినాలు గొణిగింది.
నాలుగో దినం నుంచి దాని పిల్లి
ఆ గోడవారనే పండుకుంటాంది.

కూలి ఇస్తే లెక్కబెట్టుకోలేదు.
పోతా పోతా అన్నాడు:
"ఆ మూత చప్పుడు ఇనుకుంటా ఉండు."

టక టక, టక టక.
ఇస్త్రీ చేసేటప్పుడు, అన్నం తినేటప్పుడు,
ఒక చెవి ఎప్పుడూ గోడ బయటే.

ఈ సాయంత్రం ఆ చప్పుడు మెత్తగా ఉంది.
దుప్పట్లు ఆరనీకె ఎప్పటికంటే ఎక్కువ సేపు పట్టింది.
ఇంకా పద్దెనిమిది ఉండాయి.
నర్సింగ్ హోము పిల్లోడు బండి దిగకుండానే హారన్ కొడుతున్నాడు.

మిషను ఆపినా.
వైరు పీకి, పట్టీ వదులు చేసి,
గొట్టంలోకి చెయ్యి పెట్టినా,
మోచేతి దాకా.